సగం కాయితం మేడం

మొన్న చేవెళ్ళలో జరిగిన ఉపాధ్యాయుల శిక్షణలో, మధ్యాహ్నం భోజనాలకు కాస్త ముందు, ఆమె చనిపోయిన సంగతి మైకులో చెప్పారు. రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు. అందరం లేచి నిలబడ్డాం. వరండాలో బగారన్నం గిన్నె మూత తీసిన చప్పుడు వినపడగానే మౌనం దానంతటదే ముగిసింది. నలభై సెకన్లు అయి ఉంటుందేమో. “మీ బడికి ఎక్కువ వస్తుండె కదా సార్, రెండు మాటలు చెప్పుండ్రి” అని మైకు నా చేతిలో పెట్టారు. ఆమె మృదుస్వభావి అనీ, అందరినీ నవ్వుతూ పలకరించేదనీ, ఆమె లేని లోటు తీరనిదనీ చెప్పి కూర్చున్నాను. మొదటి రెండూ అబద్ధాలు. మూడోది ఎవరు పోయినా చెప్పేదే.

ఆమె నవ్వగా నేను చూసింది ఒక్కసారి. అదీ నన్ను చూసే నవ్వింది.

ఆమె మా వైపు రిసోర్స్ పర్సన్‌గా పనిచేసింది. అంటే బడి బడికీ తిరిగి, టీచర్లు పాఠం ఎలా చెబుతున్నారో చూసి, కావలసిన సాయం చెయ్యడం ఆమె ఉద్యోగం. ఇలా తిరిగేవాళ్ళు మాకు కొత్త కాదు. వస్తారు, రిజిస్టర్లు తిప్పుతారు, చాయ్ తాగుతారు, ‘ఇంకా మెరుగుపడాలి’ అని రాసి సంతకం పెట్టి పోతారు. ఏది మెరుగుపడాలో వాళ్ళు చెప్పరు, మేం అడగం. రెండు వైపులా మర్యాదగా గడిచిపోతుంది.

ఈమె రిజిస్టర్ ముట్టుకునేది కాదు. ఇల్లు చేవెళ్ళలో. అక్కడ బస్సెక్కి, మొయినాబాద్ ఇవతల మా స్టేజీ దగ్గర దిగి, అక్కణ్ణుంచి కిలోమీటరు నడిచి వచ్చేది. భుజాన ఏ కాలంలోనో ఏదో శిక్షణలో ఇచ్చిన సంచి. దాని మీద అచ్చేసిన కార్యక్రమం పేరు సగం అరిగిపోయింది. క్లాసు గడప దగ్గర చెప్పులు విడిచేది. మా బడిలో లోపల కంటే బయటే దుమ్ము తక్కువ. అయినా విడిచేది. లోపలికి వచ్చి ఎవరో ఒక పిల్ల పక్కన, నేల మీదైతే నేల మీద, బెంచీ మీదైతే బెంచీ మీద కూర్చునేది. సంచిలోంచి తెల్లకాగితం తీసి, మధ్యకు మడిచి, మడత మీద గోరుతో రెండుసార్లు గీసి, చప్పుడు కాకుండా చింపేది. ఒక సగం మళ్ళీ సంచిలోకి పోయేది. రెండో సగం మీద రాయడం మొదలుపెట్టేది.

ఆమె రాసేది టీచరు గురించి కాదు. పక్కన కూర్చున్న ఆ ఒక్క పిల్ల గురించి. ఆ నలభై నిమిషాల్లో ఆ పిల్ల ఏం చేసిందో, టైముతో సహా. ‘10.20 పెన్సిల్ చెక్కింది. 10.26 కిటికీ బయటికి చూసింది. 10.31 అందరూ నవ్వితే నవ్వింది.’ అంతే. మంచి అనీ చెడ్డ అనీ ఉండదు. గంట కొట్టగానే ఆ సగం కాయితం టీచరు చేతికిచ్చి, చెప్పులేసుకుని వెళ్ళిపోయేది. తన దగ్గర నకలు ఉంచుకునేది కాదు, ఆఫీసుకు పంపేది కాదు. మాకు అందుకే ఎక్కువ మండేది. ఎవరైనా తిడితే తిరిగి తిట్టవచ్చు. పది ఇరవై ఆరుకు పిల్ల కిటికీ బయటికి చూసిందంటే ఏమని తిడతాం? చాలామంది చదవకుండానే చింపేసేవారు. మా మధ్య ఆమె పేరు సగం కాయితం మేడం. ఆ పేరు ఆమెకూ తెలుసు.

అన్నం డబ్బా తెరిచే ముందు కళ్ళు మూసుకుని పెదాలు కదిపేది. చిన్న ప్రార్థన. తర్వాత మాట్లాడకుండా తినేది. ఎవరైనా తమ పాఠం గురించి గొప్పగా చెప్పుకోబోతే ఓపిగ్గా మొత్తం విని, “పాఠం మంచిగనే ఉన్నది సార్. ఎవరికి చెప్పిండ్రు?” అనేది. ఈ ప్రశ్న అడగడానికి ఆమెకు అన్నం తింటున్నామనే మొహమాటం కూడా ఉండేది కాదు.

నేను ఆమెను మొదట చూసింది చేవెళ్ళలోనే, ఇలాంటి శిక్షణలోనే. అరవై మందిమి. ప్రొజెక్టర్ పొద్దుటినుంచి మొరాయిస్తోంది. దాని చుట్టూ నలుగురు నిలబడి తలా ఒక వైరు లాగుతున్నారు. ఆమె వంతు వచ్చింది. అందరికీ సగం కాయితాలు పంచింది.

“హాజరుపట్టీ సూడకుండ మీ క్లాసుల ఉన్న పిల్లల పేర్లన్నీ రాయండి” అంది.

ఇదేదో ఐదు నిమిషాల పని అనుకున్నాను. నాది మూడో తరగతి, ఇరవై రెండు మంది. అల్లరి చేసేవాళ్ళు ముందొచ్చారు. బాగా చదివేవాళ్ళు తర్వాత వచ్చారు. ఇరవై ఒకటి దగ్గర బండి ఆగింది. కళ్ళు మూసుకుని క్లాసు గది మొత్తం వరసగా తలచుకున్నాను. ఇరవై రెండో మొహం రాలేదు. పక్కన కూర్చున్న శంకర్‌పల్లి సారు నా అవస్థ చూసి, “ఏదో ఒక పేరు ఏసేయ్ సార్, ఆమెకేం తెల్సు” అన్నాడు. సరేనని సాయి అని రాశాను. ఏ క్లాసులోనైనా ఒక సాయి ఉంటాడు.

ఆమె కాయితాలు అడగలేదు. “ఆఖరికి యాదికొచ్చిన పేరు ఎవరిదో సూస్కోండి. ఈ నెల ఆ పిల్లకు పాఠం చెప్పండి. మిగిలినోళ్ళు ఎట్లనో అట్ల నేర్సుకుంటరు. పేరే యాదికి రాని పిల్ల ఉంటే, ఆమె నుంచే మొదలువెట్టండి” అని కూర్చుంది. అప్పుడే ప్రొజెక్టర్ వెలిగింది. అందరం అటు తిరిగాం.

మర్నాడు బడికి పోయి హాజరుపట్టీ తీశాను. ఇరవై రెండో పేరు అనిత. రెండేళ్ళుగా మా బడిలోనే ఉంది. తండ్రి దగ్గర్లోని ఫామ్‌హౌస్‌లో వాచ్‌మెన్. ఇన్ని ఫామ్‌హౌస్‌ల మధ్య ఉన్న బడి కాబట్టి మా పిల్లల్లో మూడో వంతు వాచ్‌మెన్‌ల పిల్లలే. అనిత మాట్లాడదు, ఏడవదు, పక్కవాళ్ళ మీద చెప్పదు. చదువులో ఆమెకు నేను ‘ఏ’ గ్రేడ్ వేసి ఉన్నాను. ఎందుకు వేశానో గుర్తు లేదు. పట్టీ మూసేశాను.

నాలుగు నెలల తర్వాత చుట్టుపక్కల బడుల టీచర్లందరూ మా బడిలో కలిశారు. మాదిరి పాఠం నేను చెబుతానని చెయ్యెత్తాను. కోరి కొరివితో తల గోక్కోవడం అంటే అదే. ‘వాన’ పాఠం. నాలుగు రోజులు పిల్లలతో అదే పాఠం తిప్పి తిప్పి చెప్పించాను. మబ్బులు, కప్ప, గొడుగు ఉన్న చార్టు గీశాను. అందరూ ఆశ్చర్యపోవాలని చార్టును గోడవైపు తిప్పి తగిలించాను. అనితను వెనక మూలకు కూర్చోబెట్టి, “అందరు చెప్పినప్పుడు నువ్వు గూడ నోరు తెరువు బిడ్డా, చాలు” అన్నాను.

ఆ రోజు మేడం కూడా వచ్చింది. గడప దగ్గర చెప్పులు విడుస్తూ, “శిక్షణల రాసిండ్రు గద సార్, మీకు ఆఖరికి యాదికొచ్చిన పేరు ఎవరిది?” అని అడిగింది. నాలుగు నెలల కిందటి మాట ఆమెకు గుర్తుంటుందని నేననుకోలేదు. తడుముకోకుండా, “సాయి మేడం” అన్నాను.

“సాయి ఎవరు బిడ్డా?” అందామె లోపలికి వచ్చి.

ఎవరూ లేవలేదు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “మా క్లాసుల సాయి లేడు మేడం” అని ముందు వరసలోని లక్ష్మి బుద్ధిగా చెప్పింది. అప్పుడు నవ్వింది ఆమె. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. తర్వాత నేరుగా వెనక మూలకు పోయి అనిత పక్కన కూర్చుంది.

నేను పాఠం మొదలుపెట్టాను. “పిల్లలూ, ఈ చార్టుల ఏమేమి...” అన్నానో లేదో, “కప్ప సార్!” అని క్లాసంతా ఒక్కసారిగా అరిచింది. చార్టు ఇంకా గోడవైపే తిరిగి ఉంది. నేను గబగబా దాన్ని తిప్పి, “వాన ఎక్కడ...” అన్నాను. “మబ్బుల నుంచి సార్! గొడుగు పట్టుకోవాలె సార్!” అని రెండో ప్రశ్నకూ మూడో ప్రశ్నకూ కలిపి జవాబు చెప్పేశారు. నలభై నిమిషాల పాఠం పన్నెండు నిమిషాల్లో అయిపోయింది. వచ్చిన టీచర్లు చప్పట్లు కొట్టారు. వాళ్ళందరూ కూడా ఇలాగే చేస్తారు కాబట్టి గట్టిగానే కొట్టారు.

ఆమె ఇచ్చిన సగం కాయితం నేను చదివాను. చింపేద్దామనుకున్నాను కానీ ఎదురుగానే నిలబడి ఉంది. ‘11.05 అందరితో పాటు నోరు తెరిచింది. 11.07 నోరు తెరిచింది. 11.08 నోరు తెరిచింది. పుస్తకం 34వ పేజీ దగ్గర ఉంది. పాఠం 41వ పేజీలో. 11.17 పుస్తకం మూసింది.’

నాకు తల తిరిగేంత కోపం వచ్చింది. ఇరవై ఒక్క మంది సంగతి వదిలేసి మూలన ఉన్న ఒక్కదాన్ని పట్టుకుంటుందా? వారం తర్వాత ఆమె మళ్ళీ వస్తే, నమస్కారం కూడా పెట్టకుండా అన్నాను: “ఎనుక కూసోని రాసుడు అల్కనే మేడం. ఒక్కనాడు మీరు చెప్పి సూపియ్యండి.”

ఆమె ఏమీ అనుకోలేదు. సంచిలోంచి కాయితం తీసి, మడిచి, చింపి, ఒక సగం నా చేతికిచ్చింది. “మీరు అనిత దగ్గర కూసోండి. అనితనే సూడండి, నన్ను సూడకండి” అని సుద్దముక్క తీసుకుంది.

ఆమెకు పాఠం చెప్పడం రాలేదు. ఇది నేను కక్షతో అంటున్నది కాదు. గొంతు చిన్నది, మూడో వరస దాకా వినపడదు. బోర్డు వైపు తిరిగితే ఇటు తిరగడం మరచిపోయేది. పది నిమిషాల్లో క్లాసు శంకర్‌పల్లి కూరగాయల మార్కెట్ అయింది. ఒకడు బెంచీ కింద దూరాడు. ఆమె “సప్పుడు సేయకుండ్రి బిడ్డా” అంటూనే ఉంది, ఎవరూ వినలేదు. నాకు లోపల్లోపల ఎంత తృప్తిగా ఉందో చెప్పలేను. అయినా ఆమె చెప్పింది కాబట్టి అనితను చూస్తూ కూర్చున్నాను.

ఒకే పిల్లను అంతసేపు చూడడం అదే మొదటిసారి. మొదట ఏమీ కనపడలేదు. తర్వాత కనపడింది. అనిత బోర్డు చూడడం లేదు. పుస్తకం చూడడం లేదు. ముందు వరసలో పక్కకు తిరిగి కూర్చున్న లక్ష్మి నోరు చూస్తోంది. లక్ష్మి పెదాలు ఎలా కదిలితే అనిత పెదాలు అలా కదులుతున్నాయి, అర క్షణం ఆలస్యంగా. లక్ష్మి దగ్గినప్పుడు అనిత కూడా నోరు తెరిచింది. ఆ పిల్లకు ఒక్క అక్షరం కూడా రాదు. రెండేళ్ళుగా లక్ష్మి నోరే ఆమె పుస్తకం. నేను దానికి ‘ఏ’ గ్రేడ్ వేశాను.

గంట కొట్టాక మేడం చేతులకంటిన సుద్ద దులుపుకుంటూ వచ్చింది. “నాకు క్లాసు కంట్రోల్ గాదు సార్, మొదటిసంది గింతే. ఏం రాసిండ్రు?”

చదివి వినిపించాను. దగ్గు సంగతి కూడా వదలలేదు.

ఆమె గోడకు అంటించిన నా వార్షిక ప్రణాళిక చూపించింది. “ఏడాది ప్లాన్ మంచిగ రాసిండ్రు. గీ పిల్ల తండ్రి వాచ్‌మెన్. సేటు పొమ్మంటే తెల్లారి పోతరు. మళ్ళ ఏ బడికి పోతరో, అసలు పోతరో లేదో. ఈమెకు వారం ప్లాన్ రాయండి. ఏ శనివారం పోయినా ఆమె చేతుల ఏదో ఒకటి ఉండాలె.”

కావాలనే ఓడిపోయి నాకు పాఠం నేర్పిందేమోనని చాలా రోజులు అనుకున్నాను. కాదు. ఆమెకు నిజంగానే క్లాసు అదుపు చెయ్యడం రాదు. అది దాచుకోవాలన్న ఆలోచన కూడా ఆమెకు రాలేదు.

ఆ తర్వాత ప్రతి గురువారం వచ్చేది. రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక అరగంట నేనూ అనితా కూర్చునేవాళ్ళం. గురువారం మేడం కూడా పక్కన కూర్చుని రాసేది. అ, ఆ లతో పిల్ల కదలలేదు. “నీకేం రాయొస్తే మంచిగుంటది బిడ్డా?” అని మేడం అడిగితే, చాలాసేపటికి, “మా కుక్కల పేర్లు” అంది. సేటుగారి కుక్కలు. రాకీ, బ్రూనో. వర్ణమాల చివర రావలసినవన్నీ మొదటి వారమే వచ్చి కూర్చున్నాయి. బ్రూ రాయడానికి మూడు రోజులు పట్టింది. రాసిన రోజు పలక ఇంటికి తీసుకుపోయి బ్రూనోకు చూపించిందట.

సంక్రాంతి సెలవుల తర్వాత ఒక పొద్దున అనిత గేటు దగ్గరే నాకు ఎదురొచ్చింది. రెండేళ్ళలో ఆమె తనంత తానుగా నాతో మాట్లాడడం అదే మొదలు. “సార్, మా గేటు మీద కుక్కలున్నవి జాగ్రత్త అని రాసున్నది!” ఆ గేటు వెనకే రెండేళ్ళుగా బతుకుతోంది. నాకు చిన్నపిల్లాడిలా ఎగరాలనిపించింది.

అయినా గండం గడవలేదు. పాఠ్యపుస్తకం తెరిచి, పక్కన నలుగురుంటే, కళ్ళు మళ్ళీ లక్ష్మి నోటి మీదికి పోయేవి. “ఇంక రెండు నెలలు. పక్క పిల్ల నోరు సూసుడు బందైతే, ఇగ ఫికర్ లేదు” అనేది మేడం. అంతలో ఆమె డ్యూటీ శంకర్‌పల్లి వైపు మారింది. గురువారాలు ఆగిపోయాయి. అనితతో నేనొక్కణ్ణే కూర్చునేవాణ్ణి.

నెల కూడా తిరగకముందే ఒక సోమవారం అనిత రాలేదు. మంగళవారం రాలేదు. బుధవారం ఫామ్‌హౌస్‌కు పోయాను. గేటు మీద బోర్డు అలాగే ఉంది. లోపలినుంచి కొత్త మనిషి వచ్చాడు.

“ఆళ్ళు శనివారం నాడే ఖాళీ చేసిండ్రు సార్. ఎటు పోయిండ్రో నాకెర్కలేదు.”

తండ్రి ఫోన్ నెంబరు నా దగ్గర లేదు. రెండేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. తిరిగి వచ్చి హాజరుపట్టీలో ఎర్ర గీత కొట్టాను.

తర్వాత మేడం ఏ మీటింగులో కనపడినా ఒకటే అడిగేది. “అనిత చదువుతున్నదా సార్?”

“చదువుతుంది మేడం” అనేవాణ్ణి.

ఎందుకలా చెప్పానంటే, పోయిందని చెబితే ఎటు పోయిందని అడుగుతుంది. తెలియదంటే, ఇంకెవరినన్నా అడిగిండ్రా అంటుంది. అడగలేదు. మొదటిసారి చెప్పిన అబద్ధాన్ని రెండోసారి సరిదిద్దడం కష్టం, నాలుగోసారికి అది అలవాటు. ఆమె దూరం నుంచి కనపడితే నేను ఫోన్ చెవిన పెట్టుకుని వరండా దిగిపోయేవాణ్ణి.

ఆమె రిటైరైన రోజు తప్పించుకోలేకపోయాను. శాలువా కప్పించుకుని, పూలదండ పక్కన పెట్టుకుని కుర్చీలో ఇబ్బందిగా కూర్చుని ఉంది. వరసలో నా వంతు వచ్చింది. ఆ రోజూ అడిగింది.

“అనిత చదువుతున్నదా సార్?”

“చదువుతుంది మేడం.”

“అవును” అంది. సంచిలోంచి మడిచిన సగం కాయితం తీసి నా చేతిలో పెట్టింది. ఆ కాయితాల్లో మెప్పులుండవని మా అందరికీ తెలుసు. నా అబద్ధం పట్టేసిందనీ, పోతూ పోతూ టైముతో సహా రాసి ఇచ్చిందనీ అనుకున్నాను. విప్పలేదు. బడికి వచ్చి బీరువాలో పాత హాజరుపట్టీలో పెట్టి తాళం వేశాను.

మొన్న మైకు దించి కూర్చున్నాక అన్నం సయించలేదు. శిక్షణ ముగియకముందే సంతకం పెట్టి బడికి వచ్చేశాను. బీరువా తీశాను. ఎర్ర గీత ఉన్న పేజీలోనే ఉంది.

‘శంకర్‌పల్లి మండలం. నాలుగో తరగతి. అనిత.
10.40 పుస్తకం తెరిచింది. పాఠం ఉన్న పేజీయే.
10.43 వేలు పెట్టి చదువుతోంది.
10.51 పక్క పిల్ల గట్టిగా చదువుతోంది. అటు చూడలేదు.
10.56 ఒక మాట రాలేదు. ఆగింది. అటు చూడలేదు.
10.57 ఆగే ఉంది.
10.58 వచ్చింది.’

కింద ఇంకేమైనా ఉందేమోనని వెనక్కి తిప్పి చూశాను. ఏమీ లేదు. నేను అబద్ధం చెబుతున్న ఆ రోజుల్లో ఆమె ఆ పిల్లను వెతికి పట్టుకుంది. అక్కడ పక్కన కూర్చుంది. నా మాట నిజమని నాకంటే ముందు ఆమెకే తెలుసు. నిలబడే మళ్ళీ చదివాను. పది యాభై ఏడు దగ్గర ఏడుపొచ్చింది, సిగ్గు కూడా వేసింది.

ఆమె రిటైరై రెండేళ్ళు. రెండేళ్ళూ ఆ కాయితం నా బీరువాలోనే ఉంది. మా స్టేజీ నుంచి చేవెళ్ళకు బస్సులో ముప్పావు గంట. శిక్షణకు పోయినప్పుడల్లా ఆమె ఇంటి ముందు నుంచే నడిచి పోయేవాణ్ణి.